ఎవరి కోసం వచ్చారు? మా కాలనీ సంఘానికి ఒక బహిరంగ లేఖ

మా కాలనీ సంక్షేమ సంఘం అధ్యక్షులకు, కార్యదర్శిగారికి, కమిటీ పెద్దలందరికీ,

మూడో లైను చివరింటి నుంచి నమస్కారాలు.

ఈ ఉత్తరం మీ చేతికే ఇవ్వాల్సింది. కానీ మన వాట్సాప్ గ్రూపులో అడ్మిన్లు తప్ప ఎవరూ రాయకుండా చేసి మూడు నెలలైంది. పార్కు దగ్గరున్న నోటీసు బోర్డుకి అద్దం తలుపు, దానికో తాళం. మాట లోపల పెట్టే దారి లేక బయట పెడుతున్నాను. మన కాలనీ లాంటివి మియాపూర్ చుట్టుపక్కల బోలెడు ఉన్నాయి, అక్కడా ఇలాంటి తీర్మానాలే అవుతున్నాయని వింటున్నాను. వాళ్ళూ చదివితే నష్టం లేదు.

వచ్చే ఆదివారం సర్వసభ్య సమావేశం ఎజెండాలో నాలుగో అంశం ఇలా ఉంది: "వెనక గేటు శాశ్వతంగా మూసివేయుట, కాలినడకన వచ్చు బయటివారి వివరములు, ఎవరి కోసం వచ్చినదీ నమోదు చేయుట." ఆ రోజు నాకు డ్యూటీ ఉంది. నేను రక్తపరీక్షల కేంద్రంలో పనిచేస్తానని మీలో చాలామందికి తెలుసు, మీ షుగర్లు ఎంతెంతో నాకు తెలిసినట్టే. పరగడుపున వచ్చి చెయ్యి చాపేవాళ్ళు ఆదివారమే ఎక్కువ. కాబట్టి మాకు ఆదివారం సెలవుండదు. నా సెలవు గురువారం. నేను చెప్పబోయేది ఆ గురువారాల సంగతే.

మామూలుగా నా గురువారం బట్టలతో మొదలై ఇడ్లీ పిండితో ముగుస్తుంది. మూడు వారాల కిందట, ఆషాఢం మబ్బు పట్టి ఉన్న రోజు, బట్టలు ఎలాగూ ఆరవు కదా అనిపించింది. పిల్లాడు కాలేజీకి, ఆయన ఆఫీసుకి వెళ్ళాక తాళం వేసి మెయిన్ రోడ్డు దాకా నడిచాను. ఎక్కడికో అనుకోలేదు. 218 వచ్చింది. పదకొండేళ్ళుగా ఆ బస్సు నుదుటి మీద "కోఠి" అని చదువుతున్నాను. ఎప్పుడూ కూకట్‌పల్లిలోనో అమీర్‌పేటలోనో దిగిపోవడమే తప్ప బోర్డు మీద రాసిన చోటికి ఒక్కసారీ వెళ్ళలేదు. కండక్టరమ్మ "ఎక్కడికి?" అంటే "కోఠి" అనేశాను. ఆధార్ చూసి జీరో టికెట్టు చేతిలో పెట్టింది. కిటికీ పక్కన సీటు. గంటన్నర పైనే పట్టింది, తొందరేమీ లేదు.

హైదరాబాద్‌లో పదకొండేళ్ళుగా ఉంటున్నానని ఊళ్ళో చెప్పుకుంటాను. మాది కోదాడ వైపు. నిజానికి నాకు తెలిసిన హైదరాబాద్ ఒక రోడ్డు. మియాపూర్ నుంచి అమీర్‌పేట దాకా సాగే ఆ రోడ్డూ, దాని పక్కన రెండు మాల్సూ, ఒక ఆసుపత్రీ. చార్మినార్ చూశాను, చుట్టాలు వచ్చినప్పుడు. చుట్టాలతో చూసిన చోటు చూసినట్టు కాదు. ఫొటోలు తీసేది మనమే కాబట్టి మనకి ఏమీ కనపడదు.

కోఠిలో దిగగానే మొట్టమొదట అయోమయం. ఆటోలు, చెప్పుల బండ్లు, ఛార్జర్లు అమ్మేవాళ్ళు, "అమ్మా జర జరుగు" అని వెనక నుంచి మూటలు మోసుకొచ్చేవాళ్ళు. ఒక పక్క గుజరాతీ గల్లీ, అందులో వైర్లూ టీవీ బోర్డులూ. ఇంకో పక్క పాత పుస్తకాల వరస. కోఠీ అంటే బంగ్లా. ఆ బంగ్లా ఇప్పటికీ అక్కడే ఉంది: నిజాం దర్బారులో ఇంగ్లీషువాళ్ళ రెసిడెంటుగా, అంటే ప్రతినిధిగా ఉన్న కిర్క్‌పాట్రిక్ 1800 తర్వాతి తొలి సంవత్సరాల్లో కట్టించుకున్నది. ఖైరున్నీసా అనే హైదరాబాదీ అమ్మాయిని పెళ్ళాడిన దొర అంటే చాలామందికి గుర్తొస్తుంది. 1949 నుంచి అందులో ఆడపిల్లల కాలేజీ. ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరు పెట్టుకున్న మహిళా విశ్వవిద్యాలయం. దొర మేడకి ఐలమ్మ పేరు! గేటు ముందు నిలబడి ఆ బోర్డు చూసి నాలో నేనే నవ్వుకున్నాను. లోపలికి మాత్రం వెళ్ళలేదు. క్లాసులు జరిగే వేళ, నాకు అక్కడ పనేమీ లేదు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, గేటు అనేదే తప్పని నేను అనబోతున్నానని మీరు అనుకుంటారు. అనను. ఆడపిల్లల బడికి గేటు ఉండాలి, నా ల్యాబ్‌లో నమూనాల గదికి గేటు ఉండాలి. వీధికి ఎందుకు అన్నదే నా ప్రశ్న.

ఆ రెసిడెన్సీకీ గోడల కథ ఉంది. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలాఉద్దీన్ జనాన్ని వెంటేసుకుని వచ్చి దాని మీద దాడి చేశారు. కోఠిలో తుర్రేబాజ్ ఖాన్ స్మారకస్తంభం ఉంది, బస్సుల కోసం నిలబడ్డవాళ్ళు దాని పక్కనే సంచులు పెట్టుకుంటారు. దాడి తర్వాత ఇంగ్లీషువాళ్ళు ప్రహరీని బురుజులతో గట్టిపరుచుకున్నారు. భయం వేసింది, గోడ లేపారు. మన కమిటీ వాళ్ళనీ నేను తప్పుపట్టను, భయం వేస్తే ఎవరికైనా ముందు తోచేది గోడే. అయితే ఆ గోడ బయట ఉన్న బజారుని మాత్రం వాళ్ళు మూయలేదు. నాకు ఆ రోజు దొరికిందంతా ఆ బజారులోనే.

పుస్తకాల వరసలో గ్రూప్స్ గైడ్లు గుట్టలుగా ఉన్నాయి. మా అక్క కొడుకు గ్రూప్-2కి చదువుతున్నాడు, వాడి కోసం ఒకటి తిరగేస్తుంటే ఒక బిట్టు కనిపించింది: "శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం స్థాపించిన సంవత్సరం?" సమాధానం 1901. ఆ కొట్టతన్ని ఊరికే అడిగాను, "ఇది ఎక్కడుంది తమ్ముడూ?" అని. "ఏ పుస్తకంలో ఉందక్కా?" అన్నాడు. పుస్తకం కాదు, ఆ గ్రంథాలయం అన్నాను. తెలియదన్నాడు. పక్కన చీరల ఫాల్సూ గుండీలూ అమ్మే పెద్దాయన తలెత్తి, "లైబ్రరీ? సీదా జావ్, సుల్తాన్ బజార్ మే పూఛో" అని చెయ్యి చూపించాడు. పది నిమిషాల నడక. లక్షమంది పిల్లలు ఒక్క మార్కు కోసం బట్టీపట్టే ఆ పేరు, ఆ గైడ్లు అమ్మే చోటికి అంత దగ్గరలో ఇటుకతో, తలుపులతో, బల్లలతో ఉంది.

సుల్తాన్ బజార్ సందుల్లో నడవడం గురించి ఎంత చెప్పినా తక్కువే. మీరు ఎప్పుడైనా బడీ చౌడీలో పెళ్ళి బట్టలు కొని ఉంటే సందు తెలుసు, కానీ చేతిలో సంచులూ మనసులో లెక్కలూ ఉన్నప్పుడు సందు కనపడదు. ఏమీ కొనక్కర్లేకుండా వెళ్ళాలి. గాజుల కొట్ల మధ్య ఒక్క మనిషి పట్టే దారి, అది దాటితే హఠాత్తుగా ఒక పాత ఇల్లు, చెక్క స్తంభాలు, పైన బాల్కనీకి ఇనప అల్లిక, కింద అరుగు. అరుగు మీద మనిషి. ప్రతి అరుగు మీదా ఎవరో ఒకరు. పేపరు చదివేవాళ్ళు, బీడీ కాల్చేవాళ్ళు, మనవడికి అన్నం పెట్టే ఆవిడ. మరాఠీ ఒక గుమ్మంలో, తెలుగు ఒక గుమ్మంలో, మార్వాడీ ఇంకో దాంట్లో, మాటలన్నీ మధ్యలో ఉర్దూలో కలుస్తాయి. పైన మెట్రో రైలు వెళ్తుంటే కింద సందులో నీడ కదులుతుంది. ఆ లైను వేసేటప్పుడు సుల్తాన్ బజార్ వ్యాపారులు చాలా ఏళ్ళు గొడవపడ్డారు. 2020లో రైలు నడిచింది, బజారూ మిగిలింది, కాస్త చిక్కిపోయి.

ఇన్ని అరుగుల ముందు నుంచి గంటసేపు ఏ పనీ లేకుండా నడిచిన నన్ను ఎవరూ ఆపలేదు. అందరూ చూశారు. అది నిజం, తల నుంచి చెప్పుల దాకా చూశారు. రెండు చోట్ల "క్యా చాహియే అమ్మా?" అని అడిగారు. ఏమీ వద్దు, చూస్తున్నాను అంటే సరే అన్నట్టు తల ఊపారు.

గ్రంథాలయంలో నలుగురైదుగురు పెద్దవాళ్ళు పత్రికలు చదువుకుంటున్నారు. ఫ్యాను చప్పుడు, పాత కాగితం వాసన. నేను గుమ్మంలో తటపటాయిస్తుంటే ఒకాయన కళ్ళజోడు పైనుంచి చూసి "ఏ ఊరమ్మా?" అన్నారు. కోదాడ వైపు అన్నాను. ఆయన మొహం విప్పారింది. "అయితే మునగాల మీకు పక్కనే కదా!" అని మొదలుపెట్టి అరగంట చెప్పారు. నాకు తెలిసిందీ తెలియందీ కలిపి ఇదీ కథ: 1901 సెప్టెంబరు 1న ఈ నిలయం పెట్టినవాళ్ళలో మా మునగాల రాజా నాయని వెంకటరంగారావు ఒకరు, ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు ఒకరు, రావిచెట్టు రంగారావు ఇంకొకరు. మొదలైంది రావిచెట్టు వారి ఇంట్లోనే. మునగాల పరగణా అప్పట్లో చుట్టూ నిజాం ఇలాకా ఉండగా మధ్యలో కృష్ణా జిల్లాకు చెందిన ముక్క. నేను చిన్నప్పుడు బస్సులో ఎన్నోసార్లు దాటిపోయిన మునగాల, ఆ కోట గోడలు చూసి "పాతదేదో" అనుకున్న మునగాల, హైదరాబాద్ నడిబొడ్డున తెలుగు గ్రంథాలయానికి పునాది వేసింది!

సుల్తాన్ బజారే ఎందుకు అంటే, అప్పుడది రెసిడెన్సీ బజార్. నిజాం రాజధానిలోనే ఉన్నా పెత్తనం ఇంగ్లీషు రెసిడెంటుది. 1933లో నిజాంకి తిరిగి ఇచ్చేశాక సుల్తాన్ బజార్ అయింది. అవతల ఆంక్షలున్న పనులకి ఇవతల కాస్త ఊపిరాడేది. ఇక్కడికి దగ్గర్లోనే వివేకవర్ధిని బడిలో 1921 నవంబరులో జరిగిన సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే చప్పట్లు చరిచి, గోలచేసి ఆపేశారట. ఆ అవమానంలోంచే తెలుగువాళ్ళ కోసం ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఆ పెద్దాయన ఇది చెబుతూ చప్పట్లు ఎలా కొట్టారో కూడా చూపించారు, పక్కన చదువుకుంటున్నాయన విసుక్కున్నారు.

నాకు అక్కడ తట్టింది ఒకటి ఉంది. "ఏ ఊరమ్మా?" అని ఆయన అడిగారు. మన గేటు దగ్గర కూడా దాదాపు అదే అడుగుతారు, "ఏ ఫ్లాటు? ఎవరి కోసం?" అని. రెండూ కొత్త మనిషిని అడిగే ప్రశ్నలే. మొదటిదానికి ఏ జవాబు చెప్పినా కుర్చీ చూపిస్తారు. రెండోదానికి ఒక్క జవాబే సరైనది, అది లేకపోతే వెనక్కి తిరగాలి.

బయటికొచ్చేసరికి వాన. చిన్న చినుకుగా మొదలై నిమిషంలో సందు కాలవైపోయింది. గొడుగు లేదు. ఒక అరుగు మీద మెంతికూర వలుస్తున్న ముసలావిడ "ఆజా బేటా, ఊపర్ ఆజా" అని పిలిచింది. మరాఠీ ఆవిడ, తెలుగు, ఉర్దూ కలిపి మాట్లాడుతుంది. ఊరికే కూర్చోవడం ఎందుకని నేనూ ఒక కట్ట తీసుకున్నాను. మెంతికూర వలవడంలో ఒక సుఖం ఉంది, చేతులకి పని, నోటికి తీరిక. ఎనిమిది కట్టలు వలిచాం. ఆవిడ కోడలు చాయ్ తెచ్చింది. పేర్లు అడగలేదు, చెప్పలేదు. ఒక ఆడమనిషి ఒంటరిగా, ఏమీ కొనకుండా, ఎవరికీ చుట్టం కాకుండా, ఈ నగరంలో ముప్పావుగంట కూర్చోగల చోటు ఎక్కడుంది చెప్పండి? మాల్‌లో కూర్చోవాలంటే కాఫీ కొనాలి, దాని ధరకి ఇక్కడ వారం కూరలొస్తాయి. పార్కులో ఒంటరిగా కూర్చుంటే పది నిమిషాల్లో ఎవడో ఒకడు బెంచీ రెండో చివర చేరతాడు. ఆ అరుగు మీద మాత్రం నేను ఎవరని ఎవరికీ అనుమానం రాలేదు, మెంతికూర చేతిలో ఉంది కాబట్టి.

వాన వెలిసేవేళ ఆవిడ అడిగింది, ఎక్కడ ఉంటావని. మియాపూర్ అవతల అన్నాను. "ఉధర్ క్యా హై? అక్కడ చూడ్డానికి ఏముంది?" అంది. అంతా కొత్త ఇళ్ళేనమ్మా అన్నాను. "మెట్రో ఉంది కదా, ఒకరోజు కోడల్ని తీసుకుని వస్తా. చూపిస్తావా?" అంది. వెటకారం కాదు, నిజంగానే. ఇంట్లో పని లేనప్పుడు ఆవిడకి కొత్త స్టేషన్లలో దిగి తిరగడం సరదా అట, ఉప్పల్ దాకా వెళ్ళొచ్చిందట!

రండి అన్నాను. అంటూనే నా మనసులో మన గేటు మెదిలింది. నేను డ్యూటీలో ఉన్న రోజు ఆవిడ వస్తే? ఫ్లాటు నంబరు తెలియదు, నా పేరు తెలియదు. ఎవరి కోసం అంటే "మెంతికూర వలిచిన అమ్మాయి కోసం" అనాలి. మన కుర్రాడు పాపం మంచివాడే, కానీ వాడి చేతిలో ఉన్న ఫోన్లో ఆ జవాబుకి గడి లేదు.

ఆ సాయంత్రం మొజంజాహీ మార్కెట్టు దాకా నడిచి ఒక ఐస్‌క్రీం తిని మెట్రో ఎక్కేశాను. అది వేరే ముచ్చట, మీకు అక్కర్లేదు.

అసలు సంగతి ఆ రాత్రి జరిగింది. స్టేషన్ దగ్గర షేర్ ఆటో దొరికితే అది వెనకవైపు దింపింది. ఎనిమిదిన్నర. వెనక గేటుకి తాళం. ఇంకా తీర్మానం కాకముందే, "ప్రయోగాత్మకంగా" అని కాగితం అంటించి. గేటుకి ఇవతల నేనూ, మన ఇళ్ళలో పని ముగించుకుని చీకట్లో ఊళ్ళోకి వెళ్ళాల్సిన ఇద్దరు ఆడవాళ్ళు గేటుకి అవతలా. వాళ్ళిద్దరూ నన్ను చూసి నవ్వారు, "మీకూ ఇదే తిప్పలా అక్కా?" అని. ముందు గేటు దాకా చుట్టూ తిరిగి రావాలంటే రెండు కిలోమీటర్లకి తక్కువ ఉండదు. అందులో సగం మెయిన్ రోడ్డు, ఫుట్‌పాత్ లేదు, పెద్ద లారీలు. నేను అటు నడిచాను, వాళ్ళు ఇటు నడిచారు. ముందు గేటు దగ్గర కొత్తగా చేరిన కాపలా అబ్బాయి నన్ను ఆపి "ఎవరి కోసం మేడం?" అన్నాడు. నా కోసమే నాయనా అన్నాను. అలా రాసుకోవడం కుదరదన్నాడు. చివరికి మా ఆయనకి ఫోన్ చేసి, ఆయన సరే అన్నాక, మా ఇంటికి నేను అతిథిగా వెళ్ళాను.

కోపం వచ్చిందా అంటే, లేదు. నవ్వొచ్చింది, ఇంటికెళ్ళాక. కానీ ఆ ఇద్దరు ఆడవాళ్ళు నడిచి వెళ్ళిన ఊరు ఏమిటి, ఎలా ఉంటుంది అన్నది పట్టుకుంది. మన గోడ వెనకే కదా ఉంది. మా డాబా మీద నుంచి దాని వాటర్ ట్యాంకు కనపడుతుంది, పొద్దున్నే కోళ్ళు వినపడతాయి. కోఠికి బస్సెక్కి వెళ్ళానుగానీ, ఆ ఊళ్ళోకి పదకొండేళ్ళలో ఒక్కసారీ వెళ్ళలేదు.

పై గురువారం వెళ్ళాను.

మన వెనక గేటు తీసి ఉంటే నాలుగు నిమిషాలు. ఇప్పుడు అరగంట. ఊరి మధ్యలో బొడ్రాయి ఉంది, పసుపూ కుంకుమా పూసి, చుట్టూ సిమెంటు గద్దె కట్టి. దాని ఎదురుగా గిర్ని. మనం ప్యాకెట్లలో కొనే జొన్నపిండి అక్కడ కళ్ళముందు ఆడించి ఇస్తారు, వేడివేడిగా. ప్రభుత్వ బడి ఉంది. ఇంటర్వెల్‌లో పిల్లలు రోడ్డు మీద కబడ్డీ. మా ఇంట్లో పనిచేసే అమ్మాయి నన్ను దూరం నుంచి చూసి మొదట కంగారుపడింది, ఏదో పోయిందని వెతుక్కుంటూ వచ్చానేమోనని. ఆ కంగారు చూసి నాకు తల కొట్టేసినట్టయింది. ఊరికే వచ్చానే అంటే నమ్మడానికి కాసేపు పట్టింది. నమ్మాక ఇక వదల్లేదు. వాళ్ళత్తగారి దగ్గర కూర్చోబెట్టింది.

ఆ అవ్వకి ఎనభై ఉంటాయి. "నీది ఏ లైను బిడ్డా?" అంది. మూడో లైను చివర అంటే, "అది మా కల్లం" అంది. వడ్లు నూర్చిన కల్లం. రెండో లైనులో ఒక మోటబావి ఉండేదట, దాన్ని పూడ్చిందెవరో కూడా చెప్పింది, ఆ పేరు ఇక్కడ రాయను. మన పార్కు మూలన ఉన్న వేపచెట్టు కింద చిన్న గూడు ఉంది చూశారా, మనం "ఆ రాళ్ళు" అంటాం, పిల్లలు క్రికెట్ బంతి వెతుక్కుంటారు. అది వాళ్ళ పోచమ్మ. లేఅవుటు వేసినప్పుడు చెట్టు కొట్టకుండా అడ్డం పడుకున్నామంది అవ్వ. ఏటా ఆషాఢంలో బోనాలు అక్కడికే వస్తాయి.

నిరుడు వచ్చినప్పుడు నేను చూశాను. అప్పుడు అర్థం కాలేదు, ఇప్పుడు అర్థమైంది. తల మీద బోనం, దాని మీద దీపం పెట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళని గేటు దగ్గర వరసలో ఆపి, ఫోన్ నంబర్లు చెప్పమన్నారు. దీపం ఆరకుండా ఒక చెయ్యి అడ్డం పెట్టుకుని, ఇంకో చేత్తో బోనం పట్టుకుని, పది అంకెలు చెప్పారు వాళ్ళు. డప్పులవాళ్ళు కొట్టడం ఆపేసి నిలబడ్డారు. నేను బాల్కనీలోంచి "ఏంటో సందడి" అనుకుని లోపలికి వెళ్ళిపోయాను. కమిటీని అనేముందు ఇది చెప్పుకోవాలి.

మీ భయం నాకు తెలుసు. కిందటి దసరాకి ఐదో లైనులో దొంగతనం జరిగింది. ఆ ఇంటావిడ నాకు స్నేహితురాలు, నెలరోజులు నిద్రపోలేదు. కానీ ఆ దొంగ ఎటు నుంచి వచ్చాడో కెమెరాలో మనందరం చూశాం: ముందు గేటు లోంచి, స్కూటరు మీద, వీపున డెలివరీ సంచితో, పుస్తకంలో ఏదో పేరు రాసి. వెనక గేటు గుండా రోజూ నడిచేవాళ్ళు పాలు పోసేవాళ్ళు, గిన్నెలు తోమేవాళ్ళు, బడి పిల్లలు. వాళ్ళ మొహాలు మనకి తెలుసు, మన మొహాలు వాళ్ళకి అంతకంటే బాగా తెలుసు. మధ్యాహ్నం మూడింటికి మన లైన్లలో ఒక్క మనిషి కనపడడు. సుల్తాన్ బజార్ సందులో నన్ను అందరూ చూశారని చెప్పాను కదా. అక్కడ నేను ఒక గాజు దొంగిలించాలన్నా కుదిరేది కాదు. మన వీధిలో లారీ పెట్టి ఇల్లంతా ఎత్తుకెళ్ళినా ఇల్లు మారుతున్నారేమో అనుకుంటాం.

ఇంకో సంగతి కార్యదర్శిగారికి నాకంటే బాగా తెలుసు. ఈ రోడ్లు మనవి కావు. లేఅవుటు మంజూరు చేయించుకునేటప్పుడే రోడ్లూ పార్కు స్థలమూ స్థానిక సంస్థకి గిఫ్ట్ డీడ్ చేసి ఇవ్వాలి, ఇచ్చారు కూడా. ఆ కాగితం నకలు మా ఇంటి దస్తావేజుల్లోనే ఉంది. అందరి రోడ్డుకి మనం తాళం వేస్తున్నాం. కాలనీల గోడలు రోడ్లకి అడ్డమని, ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వాళ్ళు కూల్చిన వార్తలు మీరూ చదివారు. ఫిర్యాదు పెట్టే ఉద్దేశం నాకు లేదు. జేసీబీ వచ్చేదాకా తెచ్చుకోవడం ఎందుకనే ఈ ఉత్తరం.

నేను కోరేది పెద్దదేమీ కాదు. వెనక గేటు పొద్దున ఐదు నుంచి రాత్రి పది దాకా తెరిచి ఉంచండి, ఆ తర్వాత మూసుకోండి. బండ్ల నంబర్లు రాసుకోండి, కెమెరా ఇంకొకటి పెట్టండి, దానికి నా వాటా ఇస్తాను. నడిచి వచ్చే మనిషిని మాత్రం "ఎవరి కోసం" అని అడగకండి. ఎవరి కోసమూ కాకుండా కూడా మనుషులు నడుస్తారు. ఆ గేటు పక్కన రెండు గజాల అరుగు కట్టించండి, వేసవిలో దాని మీద ఒక కుండ పెడదాం. కాపలా అబ్బాయికీ కూర్చోవడానికి నీడ దొరుకుతుంది; ఇప్పుడు వాడు పన్నెండు గంటలు ప్లాస్టిక్ కుర్చీలో ఎండ ఎటు తిరిగితే అటు జరుగుతున్నాడు. అరుగు ఖర్చు స్వాగత తోరణానికి పెట్టిన దానిలో పదో వంతు కాదు. తోరణం మీద "స్వాగతం" అని రాయించాం, దాని కిందే "బయటివారికి ప్రవేశం లేదు" అని ఇంకో బోర్డు. రెండిట్లో ఒకటి తీసేయండి. ఏది తీసేయాలో సభ్యులు ఓటేయొచ్చు.

కోఠి ఆవిడ నిజంగా వస్తుందో రాదో తెలియదు. వచ్చినా ఇక్కడ ఏముందని చూపిస్తాను? వేపచెట్టు కింద పోచమ్మ ఉంది, గిర్ని ఉంది, బొడ్రాయి ఉంది, కల్లం మీద కట్టిన మా ఇల్లుంది. గిర్నీ బొడ్రాయీ వెనక గేటుకి అవతలివి, పోచమ్మ ఇవతల ఉన్నా ఆ ఊరిదే, మా ఇల్లు చూడ్డానికైతే ఆవిడ రానక్కర్లేదు.

చివరగా ఒక చిన్న సంగతి. మీరు సమావేశం పెట్టుకున్న ఆదివారమే ఊళ్ళో బోనాలు. ఎవరూ గమనించినట్టు లేదు. కమ్యూనిటీ హాలులో మీరు పదిన్నరకి నాలుగో అంశం మీదికి వచ్చేసరికి వాళ్ళు వెనక గేటు దగ్గరికి వస్తారు, అవ్వ చెప్పిన లెక్క ప్రకారం. ఆ వేళ తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో శనివారం లోపల చెప్పగలరా? నేను డ్యూటీకి వెళ్ళేముందు మా అబ్బాయిని పంపించి తీసుకుంటాను.

ఇట్లు,
మూడో లైను చివరింటి సభ్యురాలు
(చందా ఈ నెల దాకా కట్టాను, రసీదు ఉంది.)